ఏరే మనిషి

రామమూర్తి మాస్టారు స్కూటరుకు స్టాండు వేసి దుకాణంలోకి వచ్చేసరికి రసూల్‌బీ మోకాళ్ళ దాకా దూదిలో కూర్చుని ఉంది. ముందు రోజు ఎవరో ట్రాలీ ఆటోలో వేసి పంపిన పాత పరుపది. ఇరవయ్యేళ్ళుగా ఇంటిల్లిపాదీ పడుకుని పడుకుని అట్టలా బిగుసుకుపోయింది. గలీబు కుట్లు బ్లేడుతో విప్పి, గడ్డలు కట్టిన దూదిని గోనెపట్టా మీద పోసుకుని ఒక్కొక్క గుప్పెడే తీసి చూస్తోంది. ముందు రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కుతుంది. తరవాత బొటనవేళ్ళతో విడదీస్తుంది. ఒకసారి విదిలిస్తుంది. అప్పుడు గానీ ఎడమ పక్కనున్న గంపలో వేయదు. గంప నిండితే పనివాడు మాలిక్ వచ్చి దూది ఏకే మిషన్ దగ్గరికి తీసుకుపోతాడు.

పాత పరుపుల్లో ఏమేమి ఉంటాయో వాటి మీద పడుకున్నవాళ్ళకి కూడా తెలియదు. పిన్నీసులు, సూదులు, గాజు ముక్కలు, పిల్లల తాయెత్తులు, ఎప్పుడో పోయిందని ఇల్లంతా వెతికించిన చెవి దిద్దు, ఒకసారి గుడ్డలో చుట్టిన పాలపన్ను. పనికొచ్చేవన్నీ రసూల్‌బీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచి, పరుపు తీసుకెళ్ళేవాళ్ళకి అప్పజెబుతుంది. పనికిరానివాటిలో ఇనుప ముక్కలంటే ఆమెకు హడలు. ఒక్క మేకు చాలు. మిషన్‌లోని డ్రమ్ము పళ్ళకి తగిలి నిప్పురవ్వ లేచిందంటే, ఎదురుగా ఉన్నదంతా దూదే.

దర్శిలో ఆమె మొగుడు బుడేకి పెదనాన్న కొడుకైన ఇమాం హుస్సేన్ దుకాణం పోయిన నెలలో అట్లాగే పోయింది. అరగంటలో అంతా బూడిద. తన సరుకు పోయినందుకు కాదు గానీ, జనం నమ్మి ఇచ్చిన పరుపులు పోయినందుకు ఆయన ఇల్లిల్లూ తిరిగి చేతులు పట్టుకోవాల్సి వచ్చింది. అందులో ఒకటి పెళ్ళి పరుపు. చూసొచ్చిన దగ్గర్నుంచీ బుడేకి కంటి మీద కునుకు లేదు. మాస్టారికి ఫోను చేసింది అందుకే. లెక్కల మాస్టారుగా రిటైరైన రామమూర్తి గారు ఇప్పుడు ఊళ్ళో సగం దుకాణాలకు బీమా ఏజెంటు.

"చిన్న పాలసీ ఒకటుంది బుడే గారూ, పెద్దది ఒకటుంది. చిన్నదాంట్లో షెడ్డూ, మిషనూ, మీ సొంత సరుకూ వస్తాయి. అగ్నిప్రమాదం జరిగితే ఆ మూడింటికే. పెద్దదైతే జనం ఇచ్చిన పరుపులకు కూడా వర్తిస్తుంది. పనివాళ్ళకు దెబ్బ తగిలితే వాళ్ళకూ ఇస్తారు. కాకపోతే మనిషికింతని కట్టాలి."

బుడే చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. బయట మిర్చి బస్తాల లారీ పోతే ఆ ఘాటు లోపలికి కొట్టి అందరూ ఒక విడత తుమ్మారు.

"పెద్దదే రాయండి మాస్టారూ. జనం సొమ్ము పోతే ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేను. మాలిక్ రోజంతా ఆ పళ్ళ దగ్గరే ఉంటాడు, ఇద్దరు ఆడపిల్లలు. అతనికి లేకపోతే ఎట్టా?"

ఆ మాట అన్నందుకు రసూల్‌బీకి మొగుడి మీద ముచ్చటేసింది. బుడే పిసినారి అని ఊళ్ళో అంటారు గానీ ఆమెకు తెలుసు, మనిషి దగ్గర పిసినారి కాదు.

మాస్టారు ఫారం తొడ మీద పెట్టుకుని ఒక్కొక్క గడీ నింపుకుంటూ వచ్చారు. షెడ్డు రేకులదా, స్లాబా? మిషన్ కొని ఎన్నేళ్ళయింది? కరెంటు వైరింగు ఎప్పుడు మార్చారు?

"పనివాళ్ళు ఎంతమంది?"

"ఇద్దరండి. మిషన్ మీద మాలిక్. పరుపులు కుట్టేది పీరు."

మాస్టారు కలం ఆపి, కళ్ళజోడు మీదుగా గోనెపట్టా వైపు చూశారు. "మరి అమ్మగారు?"

బుడే నవ్వాడు. అందులో చెడ్డతనం ఏమీ లేదు. "ఆమెకేం జీతమా ఏమన్నానా మాస్టారూ. ఇంట్లో మనిషి. వంట చేసొచ్చి ఊరికే కూర్చుంటది."

గుప్పెడు దూది రసూల్‌బీ అరచేతుల మధ్య అట్లాగే ఉండిపోయింది. ఆమె తల ఎత్తలేదు. మాస్టారు కూడా రెట్టించలేదు. జీతం లేనివాళ్ళు పనివాళ్ళ గడిలోకి రారన్నది కంపెనీ రూలే కాబట్టి ఆయనకు పని తేలికైంది.

"మంటలు రాకుండా ఏం జాగ్రత్తలు తీసుకుంటున్నారు? ఇది ముఖ్యం. దూది సరుకంటే కంపెనీ వాళ్ళు మొదట చూసేది ఈ గడే."

"ఇసుక బకెట్లు రెండున్నాయండి. మంటలార్పే సిలిండరు ఒకటుంది, మొన్ననే నింపించాను." బుడే ఆగి, ఇంకా ఏమున్నాయా అని దుకాణమంతా కలియజూశాడు. చూపు గోనెపట్టా మీద ఆగింది. మొహం విప్పారింది. "అన్నిటికంటే మా రసూల్‌బీ ఉందిగా! ఇరవై ఎనిమిదేళ్ళు మాస్టారూ, ఒక్క మేకు ఆమె చేతి కింద నుంచి పోలేదు. గుండుసూదిని కూడా పట్టేసిద్ది. రాసుకోండి, పేరుతో సహా రాసుకోండి."

మాస్టారు రాశారు. రాసింది పైకి చదివారు కూడా. "ఇసుక బకెట్లు రెండు. సిలిండరు ఒకటి. రసూల్‌బీ అను ఆమె పాత దూదిలోని ఇనుమును చేత్తో ఏరివేయును."

పీరు కుట్టు మిషన్ ఆపి పకపకా నవ్వాడు. "వదినా, నిన్ను బకెట్ల పక్కన పెట్టారు!" అన్నాడు. మాలిక్ నవ్వాడు, బుడే నవ్వాడు. అందరూ నవ్వుతుంటే రసూల్‌బీ కూడా నవ్వింది.

గురువారం కంపెనీ ఇంజనీరు గుంటూరు నుంచి వచ్చి చూస్తాడనీ, ఆయన సరే అంటే పాలసీ వచ్చేస్తుందనీ చెప్పి మాస్టారు వెళ్ళిపోయారు. ఆ రోజు సోమవారం.

మంగళవారం పొద్దున బుడే పొన్నూరు వెళ్ళాడు. అక్కడ ఎవరో కొత్త పరుపుల ఆర్డరిస్తామన్నారు. దుకాణంలో మిషన్ మోతా, పీరు కుట్టుచప్పుడూ తప్ప మాటల్లేవు. రసూల్‌బీ ఒక గుప్పెడు తీసి నొక్కింది, విడదీసింది. ఎవరూ చూడడం లేదని రూఢి చేసుకుని ఆ గుప్పెడు చెంపకి ఆనించుకుంది. చెంప మీద అటూ ఇటూ దొర్లించి అప్పుడు గంపలో వేసింది.

ఇది ఆమె కొత్తగా నేర్చుకున్న విద్య. వానల్లో మొదలైంది. మొదట వేళ్ళ చివర చీమలు పాకినట్టు ఉండేది, తరవాత ఆ చీమలు కూడా పోయాయి. పొగలు కక్కే టీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఏమిటీ చల్లారిపోయిందనుకుని తాగితే నాలుక కాలింది. ధర్మాసుపత్రిలో డాక్టరమ్మ షుగరు చీటీ చూసి, వేళ్ళ మీద పెన్ను మొనతో గుచ్చి, "తెలుస్తోందా?" అంది. తెలియడం లేదని చెప్పడానికి రసూల్‌బీకి సిగ్గేసింది. "కొంచెం తెలుస్తుందమ్మా" అని అబద్ధమాడింది.

ఇంట్లో చెప్పలేదు. చెబితే బుడే కోప్పడడు. "పోనీలే, నువ్వు ఇంటిపట్టున ఉండు" అంటాడు. ఆ మాటే ఆమెకు భయం. ఉన్న ఒక్క కూతురు షమా అత్తగారింట్లో ఉంది. ఇంటిపట్టున ఉండి గోడలతో మాట్లాడాలా? ఇక్కడైతే ఆమె చెయ్యి పడనిదే మిషన్ తిరగదు. గంప ఖాళీ అయితే మాలిక్ "వదినా, కానియ్" అని అరుస్తాడు. ఆ కేక కోసమే ఆమె మోకాళ్ళ నొప్పులతో అంత దూరం నడిచి వస్తుంది.

మధ్యాహ్నం నమాజు వేళ దాటాక, మిషన్‌లో టంగుమని ఒక చప్పుడు అయింది. మాలిక్ ఎగిరి స్విచ్చి కొట్టాడు. డ్రమ్ము తిరుగుడు తగ్గుతుండగా దాని వెనకాల నుంచి సన్నగా పొగ లేచింది. తడి గోనె చేతికి చుట్టుకుని లోపలికి దోపి అదిమాడు. రాజుకోబోయిన దూది నల్లగా మాడి ఆరిపోయింది. అంతా ఒక నిమిషం. పీరు బజారుకు పోయాడు కాబట్టి చూడలేదు.

మాలిక్ మిషన్ పళ్ళ మధ్య నుంచి ఒంకర పోయిన మేకు ఒకటి తీసి, తీసుకొచ్చి రసూల్‌బీ ముందు పట్టాడు. చిటికెన వేలంత మేకు.

"వదినా, ఇది ఎట్టా పోయింది?"

రసూల్‌బీ చేతులు కొంగులో దాచుకుంది. "చూళ్ళేదయ్యా."

"నువ్వు కళ్ళతో చూసేది ఎప్పుడు? నీకు చేతులే గదా కళ్ళు." మాలిక్ ఆమె మొహంలోకి చూశాడు. ఏమనుకున్నాడో, మేకు జేబులో వేసుకున్నాడు. "పోనీలే. అన్నకి చెప్పను. ఎల్లుండి ఇంజనీరు వచ్చిపోయేదాకా గంపకి రెండుసార్లు చూడు. ఈ పాలసీ రావాలి వదినా. మాస్టారు చెప్పారు, నాకేమన్నా అయితే మా ఆవిడ నజ్మీన్‌కి కంపెనీవాళ్ళు ఇస్తారంట. రాత్రి చెబితే అది నమ్మలా. 'నీ పేరు కూడా రాశారా?' అని మూడుసార్లు అడిగింది."

అతని కళ్ళలో వెలుగు చూసి రసూల్‌బీకి సంతోషమైంది, అసూయ కూడా అయింది. తమ్ముడిలాంటి వాడి మీద అసూయేమిటని తనని తానే తిట్టుకుంది. తిట్టుకున్నా పోలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆమె పేరు ఓటరు లిస్టులోనూ రేషను కార్డులోనూ తప్ప ఇంకెక్కడా ఎవరూ రాయలేదు. రాసిన ఒక్కచోటా బకెట్ల పక్కన. ఆ ఒక్కటీ కూడా ఇప్పుడు అబద్ధమే.

ఆ రాత్రి అన్నం పెడుతూ చెప్పేద్దామనుకుంది. బుడే పొన్నూరు ఆర్డరు సంగతి చెబుతూ కంచం ఖాళీ చేసి, "గురువారం ఆ కొత్త చీర కట్టుకో. నీ గురించి అడుగుతారు" అన్నాడు. ఆ గొంతులో గర్వం విని ఆమె ఖాళీ కంచం తీసుకుని లోపలికి పోయింది.

గురువారం పదకొండింటికి మాస్టారి స్కూటరు వెనకాల ఇంజనీరు వచ్చాడు. కార్తిక్ అని పేరు. ముప్పయ్యేళ్ళు ఉండవు. నెమ్మదస్తుడు. షెడ్డు చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు. స్విచ్చి బోర్డు చూశాడు. ఇసుక బకెట్లలో వేలు పెట్టి చూశాడు. సిలిండరు మీద తేదీ చదివాడు. బుడే వెనకాలే తిరుగుతూ అడిగినదానికీ అడగనిదానికీ జవాబు చెబుతున్నాడు.

"ఈ చేత్తో ఏరడం అన్నారు. అది ఒకసారి చూపిస్తారా?"

"రండి సార్, రండి. మా ఆవిడే" అని బుడే గోనెపట్టా దగ్గరికి తీసుకొచ్చాడు. రసూల్‌బీ కొత్త చీర కొంగు సర్దుకుంది.

కార్తిక్ ఫైలులోంచి మూడు గుండుసూదులు తీశాడు. అందరికీ కనబడేలా అరచేతిలో పెట్టి చూపించి, "ఏమనుకోకండమ్మా, రిపోర్టులో రాయాలి" అని, ఆమెను అటు తిరగమని, దూది కుప్పలో ఎక్కడెక్కడో దోపి పైపైన కలిపాడు. "ఇప్పుడు తీయండి."

"మూడు నిమిషాలు సార్, టైం చూసుకోండి" అన్నాడు బుడే.

రసూల్‌బీ ఒక గుప్పెడు తీసింది. నొక్కింది, విడదీసింది, విదిలించింది. చేతులకు పని తెలుసు. తెలియాల్సింది మాత్రం చేతులకు చేరడం లేదు. నాలుగు గుప్పిళ్ళు పోయాక ఇక తప్పదని చెంపకి ఆనించుకుంది. కార్తిక్ వింతగా చూశాడు. బుడే కూడా చూశాడు. ఈ పద్ధతి అతనికీ కొత్తే. చెంప మీద చురుక్కుమంది. మొదటి సూది. తీసి పక్కన పెట్టింది. మాలిక్ ఊపిరి వదిలాడు. ఇంకో పది గుప్పిళ్ళకి రెండోది దొరికింది, దవడ మీద గీరింది.

మూడోది దొరకలేదు. కుప్పంతా ఒకసారి అయింది. మళ్ళీ మొదటి నుంచీ చూసింది. నుదుటి మీద చెమట పట్టి దూది అంటుకుంది. మిషన్ ఆగి ఉంది కాబట్టి దుకాణంలో ఆమె గాజుల చప్పుడొక్కటే వినబడుతోంది.

"ఇంక లేదు సార్. రెండే వేశారు."

"మూడు వేశానమ్మా."

"లేదు సార్. ఉంటే నాకు తెలిసిద్ది. ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి..."

"వదినా" అన్నాడు మాలిక్. "నీ చెయ్యి చూసుకో."

రసూల్‌బీ చెయ్యి తిప్పి చూసుకుంది. మూడో గుండుసూది ఆమె కుడి చేతి నడిమి వేలిలోనే ఉంది. సగానికి పైగా దిగి, తల ఒక్కటే పైకి మెరుస్తోంది. అక్కణ్ణించి రక్తం అరచేతిలోకి కారింది. ఒళ్ళో ఉన్న దూదీ, గంపలో వేసిన దూదీ ఎర్రెర్రగా మరకలు పడి ఉన్నాయి. ఎంతసేపటి నుంచి అట్లా ఉందో ఎవరికి తెలుసు.

బుడే గబుక్కున కింద కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాడు. సూది లాగాడు. లాగేటప్పుడు అతని మొహం ముడుచుకుంది గానీ ఆమె మొహం ముడుచుకోలేదు.

"నొప్పి లేదా?"

"తెలియలా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వానల కాలం నుంచి."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే ఇక్కడ కూర్చోనియ్యవుగా" అంది. అప్పుడు ఏడుపొచ్చింది. అంతమంది మగవాళ్ళ మధ్య ఏడవడం ఇష్టం లేక కొంగుతో మొహం మూసుకుంది. కొంగుకీ రక్తం అంటుకుంది. మూసుకునే చెప్పింది, కార్తిక్ వైపు తిరిగి. "నా పేరు కొట్టేయండి సార్. నా వేళ్ళకి తెలియట్లా. మొన్న మేకు ఒకటి పోయింది. నిప్పు లేస్తే మాలిక్ ఆర్పాడు. నా పేరు చూసి పాలసీ ఇచ్చి, రేపు ఏదన్నా అయితే అబద్ధం రాశారని మాలిక్ పిల్లలకి డబ్బు ఇయ్యం అంటారు."

కార్తిక్ ఫారం తీసి, ఆ గడిలో చివరి వరుస మీద గీత గీశాడు. మెల్లగానే గీశాడు.

"భయపడకండి. దీనికి ఉపాయముంది. మిషన్‌లోకి దూది వేసేచోట అయస్కాంతం పలక ఒకటి పెట్టించుకోండి. పత్తి జిన్నింగు మిల్లులన్నిటిలో ఉంటుంది. పెట్టించి ఫోటో పంపండి, పాలసీ వచ్చేస్తుంది."

"సరే సార్" అన్నాడు బుడే. ఇంకా ఆమె చెయ్యి వదల్లేదు. తన తువాలు చింపి వేలికి చుడుతున్నాడు. చుట్టడం అయ్యాక తల ఎత్తి మాస్టారి వైపు చూశాడు. "మాస్టారూ, మా ఆవిడ పేరు పనివాళ్ళలో రాయండి. మూడో మనిషి కింద. జీతం ఇచ్చినట్టు రాస్తాను. రాయడం కాదు, ఇస్తాను. ఈ నెల నుంచే ఇస్తాను."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. జవాబు కార్తిక్ చెప్పాల్సి వచ్చింది. అతను తప్పు పట్టినట్టు అడగలేదు, ఫారంలో నింపాలి కాబట్టి అడిగాడు.

"రాయచ్చండి. ఏం పని చేస్తారని రాయమంటారు?"

బుడే గోనెపట్టా వైపు, ఎర్ర మరకల దూది వైపు చూశాడు. ఏరే పనని రాయించడానికి లేదు, ఆ వరుస ఇప్పుడే కొట్టేశారు. పీరు తల దించుకుని కుట్టు మిషన్‌లో లేని దారం ఎక్కించుకుంటున్నాడు. కార్తిక్ ఆ గడి ఖాళీగా వదిలేసి పేజీ తిప్పాడు.

అయస్కాంతం శనివారం వచ్చింది. మిల్లులకు సామాను అమ్మే కొట్టువాడే మనిషిని పంపి బిగింపించాడు. మాలిక్ ఫోటో తీసి పంపించాడు. సాయంత్రానికి మాస్టారు ఫోను చేసి, పాలసీ వచ్చిందని చెప్పి, అందులో ఉన్నవన్నీ చదివి వినిపించారు. షెడ్డు. మిషను, అయస్కాంతంతో సహా. సొంత సరుకు. జనం పరుపులు. పనివాళ్ళు మాలిక్, పీరు. బుడేకి ఫోను స్పీకరులో పెట్టుకోవడం అలవాటు. రసూల్‌బీ ఇంట్లో పొయ్యి దగ్గర నుంచి అంతా వింది.

ఆదివారం పొద్దున ఆమె మామూలు వేళకే బయల్దేరింది. బుడే వద్దనలేదు, రమ్మనీ అనలేదు. దుకాణంలో తన గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. ముందు పాత పరుపు ఉంది, కుట్లు విప్పి ఉంది. ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి. మాలిక్ దూదిని నేరుగా తీసుకుపోయి అయస్కాంతం మీదుగా వేస్తున్నాడు. రెండు పిన్నీసులు టపుక్కున అంటుకున్నాయి. "పట్టేసింది!" అన్నాడు. అని, ఆమె వైపు చూసి, అనకుండా ఉండాల్సిందనుకున్నాడు.

కాసేపటికి మిషన్‌లో కరకరమని చప్పుడైంది. గాజు పెంకు. అయస్కాంతానికి గాజుతో పని లేదు. మిషన్ ఆపి పెంకులు ఏరుకునేసరికి పావుగంట పట్టింది, డ్రమ్ము పన్ను ఒకటి విరిగింది.

బుడే వచ్చి గోనెపట్టా అంచు మీద గొంతుక్కూర్చున్నాడు. గుప్పెడు దూది తీశాడు.

"ఎట్టా చూడాలి?"

"ముందు అరచేతుల్లో పెట్టి నొక్కు. గట్టిగా కాదు. కొత్త పెళ్ళికూతురి చెయ్యి పట్టుకున్నట్టు." ఆమె చెబుతుంటే అతను చేశాడు. "ఇప్పుడు బొటనవేళ్ళతో తియ్యి. ఆ గడ్డ వదిలేశావు. గడ్డల్లోనే ఉంటాయి. విదిలించు. విదిలించి విను."

నాలుగు గుప్పిళ్ళు అయ్యేసరికి అతని నడుము పట్టేసింది. గంప అడుగు కూడా నిండలేదు. వెనక్కి వాలి ఆ గంపనీ, ఎదురుగా గుట్టలా ఉన్న పరుపునీ చూశాడు.

"ఇంత పనని ఏనాడూ చెప్పలేదేం రసూల్‌బీ?"

"మొన్న మాస్టారు అడిగినప్పుడు నీ ఎదురుగానే కూర్చునున్నాగా" అంది ఆమె. ఆ గొంతులో కోపం లేదు. "నువ్వే చెప్పావు, ఇద్దరేనని."

బుడే ఇంకో గుప్పెడు తీసుకుని నొక్కాడు. వెంటనే "అబ్బా!" అని చెయ్యి విదిలించాడు. బొటనవేలి మీద రక్తం బొట్టు లేచింది. దూదిలో విరిగిన గాజు ముక్క.

"నొప్పి పుట్టిందా?"

"పుట్టింది."

"అయితే పనికొస్తావు" అంది రసూల్‌బీ. నేల మీద చెయ్యి ఆనించి, మోకాళ్ళు కూడదీసుకుని లేచి, తను ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చున్న చోటు అతనికి ఇచ్చి, పక్కకి జరిగి కూర్చుంది.